తూకం తగ్గని తొడుగు

లోహాలు అరిగిపోకుండా, తుప్పు పట్టకుండా కాపాడే మార్గాలు కనిపెట్టమని ప్రభుత్వం వారు ఉత్తరాంధ్ర తీరంలో, సముద్రపు గాలి నేరుగా ముఖాన కొట్టేచోట, ఒక పరిశోధనా సంస్థను కట్టించారు. దాని పేరు తీరప్రాంత లోహ సంరక్షణ సంస్థ. ఆ పేరు రాసిన ఇనుప బోర్డును తుప్పు తినేసి, మధ్యలో 'లోహ' అన్న మాట ఎప్పుడో రాలిపోయింది. అందుచేత అప్పుడప్పుడు బెస్తపాలెం వాళ్లు వచ్చి, సముద్రం మా ఇళ్లు కోసేస్తోంది, సంరక్షించండి బాబూ అని అర్జీలు ఇచ్చి వెళుతుంటారు. సంస్థ వారు వాటిని తీసుకుని రసీదు ఇస్తారు. అంతకుమించి ఇంతవరకు దేన్నీ సంరక్షించిన దాఖలాలు లేవు.

ఆ సంస్థకు కొత్త సంచాలకులుగా డాక్టర్ ప్రభంజనరావుగారు వచ్చారు. వచ్చీ రాగానే ఆయన చెవిన ఒక పాత సంగతి పడింది. పరిశోధన కోసమని స్టోర్స్ నుంచి తీసుకెళ్లిన ఇనుప కడ్డీలతో, రిటైరైపోయిన ఒక పెద్దమనిషి తన ఇంట్లో ద్రాక్షపందిరి వేయించుకున్నాడట. ప్రభంజనరావుగారు ఒంటికాలి మీద లేచారు. సాయంత్రానికల్లా సర్క్యులర్ వెలువడింది. 'స్టోర్స్ నుండి బయటికి వెళ్లిన ఏ వస్తువైనను, వెళ్లిన తూకమునకు తగ్గకుండా తిరిగి రావలెను. తగ్గినచో బాధ్యులు సంజాయిషీ ఇచ్చుకొనవలెను.' చదివినవాళ్లంతా సబబుగానే ఉందనుకున్నారు. లోహాలను అరగదీయడమే పనిగా పెట్టుకున్న సంస్థలో ఉన్నామన్న సంగతి ఆ పూటకు ఎవరికీ గుర్తు రాలేదు.

మొదట గుర్తొచ్చింది శశిరేఖకు. ఆవిడ అక్కడ శాస్త్రవేత్త. పని నికెల్ పూతలు. నికెల్ ద్రావణంలో సిలికాన్ కార్బైడ్ అనే గట్టి పొడి వేసి, అది అడుగున పేరుకోకుండా కలియబెడుతూ, అందులో ఇనుప వస్తువును వేలాడదీసి కరెంటు పారిస్తే, నికెల్ వస్తువు మీద పొరగా పడుతూ ఆ పొడి రేణువుల్ని కూడా తనలో ఇముడ్చుకుంటుంది. బెల్లం పాకంలో వేరుశనగ పప్పులు కూర్చున్నట్టన్నమాట. పాకం ఉప్పునీటిని లోపలికి రానివ్వదు, పప్పులు రాపిడికి లొంగవు. పొడి ఎక్కువైతే పూత పెళుసెక్కుతుంది, తక్కువైతే మెత్తబడుతుంది. ఆ పాళ్లు కుదుర్చుకునేసరికి శశిరేఖ జుట్టు సగం నెరిసింది. కుదిరాయని తెలిసిన రోజున మాత్రం ఆవిడ ల్యాబులో ఒక్కతే కూర్చుని చాలాసేపు నవ్వుకుంది.

ఆ పూత కోసం ఎదురుచూస్తున్నవాడు హార్బర్‌లో దానయ్య. మరబోటు అడుగున పంకాను తిప్పే ఇరుసుకు ఒక ఇనుప తొడుగు ఉంటుంది. ఒకపక్క ఉప్పునీరు దాన్ని తింటుంటుంది, మరోపక్క ఇసుక గీరుతుంటుంది. కిందటేడు దానయ్య బోటు తొడుగు నడిసముద్రంలో చిక్కిపోయి, ఇరుసు ఊగి ఊగి ఇంజను ఆగిపోయింది. బోటు గాలివాటున ఒడిశా వైపు కొట్టుకుపోయింది. తాగడానికి నీళ్లు అయిపోయాక ఎవరో పారాదీప్ వాళ్లు చూసి లాక్కొచ్చారు. దానయ్య అల్లుడు ఆనాటి నుంచి బోటెక్కడం మానేసి ఆటో తోలుకుంటున్నాడు.

"అమ్మా, ఏట నిషేదం అయిపోతే మళ్లీ ఎల్లాల మేము," అన్నాడు దానయ్య, శశిరేఖ ల్యాబు గుమ్మంలో చెప్పులు విడిచి. "మీ సంస్త ముద్దర లేందే హార్బర్లో తొడుగు ఎయ్యనివ్వరు. మీరు ముద్దర ఏయించండి సాలు. ఈపాలి ఆగిపోతే లాక్కొచ్చే వోడు దొరుకుతాడో నేదో."

"వేట నిషేధం ఎత్తేసేలోపు ఇస్తాను దానయ్యగారూ. పరీక్షలు కూడా అయిపోవచ్చాయి," అంది శశిరేఖ. మాట ఇచ్చేసింది.

పరీక్ష అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. పూత పూసిన బిళ్లను స్టోర్స్‌లో తూయించి తెచ్చుకుని, గిర్రున తిప్పుతూ దాని మీద గట్టి సూది నొక్కిపెట్టి ఉంచి, మళ్లీ తూచడం. ఎంత తక్కువ తగ్గితే పూత అంత మంచిది. శశిరేఖ బిళ్ల తగ్గీ తగ్గనట్టు తగ్గింది. ఆవిడ సంబరపడుతూ దాన్ని తిరిగి ఇవ్వడానికి స్టోర్స్‌కు తీసుకెళ్లింది.

స్టోర్స్ అధికారి పాపినాయుడు. మనిషి మంచివాడు. ఎవరి మీదా ద్వేషం లేదు, లంచం ముట్టడు, రాసి ఉన్నదాన్ని రాసి ఉన్నట్టు చేస్తాడు. ఆ చివరి గుణం వల్ల అందరూ ఆయన్ని చూసి హడలిపోతుంటారు. శశిరేఖ ఏళ్ల తరబడి అడిగినా నిధులు లేవని కొననివ్వని సున్నితపు త్రాసును, కొత్త సర్క్యులర్ పుణ్యమా అని, స్టోర్స్‌కు తెప్పించారు. అద్దాల తలుపుల మధ్య ఉంటుంది. దగ్గరగా ఊపిరి వదిలితే చాలు అంకె కదులుతుంది. పాపినాయుడు ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని బిళ్లను తూచాడు.

"ఏటండి మేడమ్, ఇది తగ్గిందండి."

"తగ్గుతుంది పాపినాయుడుగారూ. అరుగుదల పరీక్ష చేశాంగా."

"అదేనండి, తగ్గింది. మరి మిగతాది ఏదండి?"

"అరిగిపోయింది."

"ఎవరరగదీశారు?"

"నేనే."

పాపినాయుడు చేతిరుమాలు విప్పాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకోవడమేమిటండీ! అరగదీయడమే నా ఉద్యోగం."

"అలాగనకండి మేడమ్. పిల్లలున్నవారు," అన్నాడాయన నిజమైన బాధతో. "ఓ పని చెయ్యండి. ఆ రాలిందేదో అక్కడే ఉంటాది గదా. ఊడ్చి పట్టుకొచ్చేయండి, కలిపి తూచేస్తాను. మీకూ గొడవ లేదు, నాకూ గొడవ లేదు."

శశిరేఖ పళ్లు కొరుక్కుంటూ వెళ్లి, యంత్రం కింద రాలిన పొడిని కాగితంలోకి ఊడ్చుకొచ్చింది. అందులో సూది నుంచి రాలిన పొడి కూడా కలిసింది కాబట్టి తూకం ఈసారి ఎక్కువైంది. పాపినాయుడు ముఖం ఇంకా గంభీరమైంది.

"ఇది మిగిలిపోయిందండి. ఇదెవరిదండి?"

సాయంత్రానికి శశిరేఖ సంచాలకుల గదిలో నిలబడింది. ప్రభంజనరావుగారు కుర్చీలో వెనక్కి వాలి, కిటికీలోంచి సముద్రాన్ని అనుమానంగా చూస్తూ మాట్లాడారు. ఆయన ఎప్పుడూ సభలో ఉన్నట్టే మాట్లాడతారు.

"డాక్టర్ శశిరేఖా, అరుగుదల అనేది భౌతిక సమస్య కాదు. అది ఒక మనస్తత్వం. ప్రగతిపథంలో దూసుకుపోతున్న ఈ తరుణంలో మన సంస్థలో ఏదీ తగ్గడానికి వీల్లేదు. మీరు పరీక్షించండి. కానీ అరగనివ్వకండి."

"అరగకపోతే అది అరుగుదల పరీక్ష ఎలా అవుతుంది సర్?"

"ఆ విషయమై ఒక ఉన్నతస్థాయి సంఘాన్ని నియమించాను."

సంఘం కూర్చుంది, జీడిపప్పు పకోడీ తింది, లేచింది. సూదికీ బిళ్లకూ మధ్య వెంట్రుకవాసి ఎడం ఉంచి పరీక్ష జరపవలెనని సిఫార్సు చేసింది. దానికి 'సామరస్య అరుగుదల పరీక్ష' అని పేరు. సూది పైన నిలబడుతుంది, బిళ్ల కింద తిరుగుతుంది, ఒకరి జోలికి ఒకరు వెళ్లరు. శశిరేఖ పూతకు అరుగుదల శూన్యం. పూత లేని ఇనుముకూ శూన్యం. ఒళ్లు మండి ఆవిడ ఒక సుద్దముక్కను పెట్టి తిప్పింది. శూన్యం. క్యాంటీన్ నుంచి ఒక అప్పడం తెప్పించి పెట్టింది. అప్పడానికి కూడా అరుగుదల శూన్యమని నివేదిక వచ్చింది. ఆ నివేదిక మీద ప్రభంజనరావుగారు 'దేశవాళీ పదార్థాలపై మరింత కృషి జరగాలి' అని ఆకుపచ్చ సిరాతో రాశారు.

అంతటితో ఆగినా బాగుండేది. తుప్పు పరీక్ష మిగిలే ఉంది.

తుప్పు పరీక్షకు ఒక గది ఉంది. అందులో ఎప్పుడూ ఉప్పునీటి పొగ కమ్ముకుని ఉంటుంది. శశిరేఖ ఆ గదిలో పూత పూసిన తొడుగుల్నీ, పోలిక కోసం పూత లేని ఇనుప తొడుగుల్నీ స్టోర్స్‌లో తూయించి తెచ్చి వేలాడదీసింది. కొంతకాలానికి తలుపు తీస్తే నికెల్ తొడుగులు పెట్టినవి పెట్టినట్టే మెరుస్తున్నాయి. పూత లేనివి ఎర్రగా పొరలు కట్టి, బుడిపెలు లేచి, గుర్తుపట్టడానికి వీల్లేకుండా తయారయ్యాయి. ఆవిడ మనసు కుదుటపడింది. కళ్లున్న ఎవడికైనా తేడా తెలిసిపోతుందిలే అనుకుంది. సర్క్యులర్‌కు కళ్లు ఉండవన్న సంగతి మరిచిపోయింది.

పాపినాయుడు నికెల్ తొడుగును తూచి, "ఎంత ఎల్లిందో అంతే వచ్చిందండి, సరే," అని పక్కన పెట్టాడు. తుప్పు తొడుగును తూచాడు. చేతిరుమాలు జారిపోయింది. మళ్లీ తూచాడు.

"మేడమ్! పెరిగిందండి!"

"తుప్పు కదండీ. గాలీ నీరూ ఇనుములో కలిసి కూర్చుంటాయి. బరువు పెరుగుతుంది. కానీ లోపల ఇనుము..."

"పెరిగిందండి మేడమ్," అన్నాడు పాపినాయుడు. ఆయన కంట నీరు తిరిగింది. ఇన్నాళ్ల ఉద్యోగంలో, స్టోర్స్ నుంచి ఒక వస్తువు వెళ్లి పెరిగి తిరిగి రావడం ఆయన చూడటం అదే మొదలు.

ఆ కబురు వినగానే ప్రభంజనరావుగారు లేచి నిలబడ్డారు. నిలబడే డిక్టేషన్ ఇచ్చారు. ఇకపై సంస్థలో తుప్పు అన్న మాట వాడరాదు, 'లోహ వికాసం' అనవలెను. వికాసం చెందిన వస్తువు ఏ-శ్రేణి. వెళ్లినంతే తిరిగి వచ్చినది స్తబ్ధతకు లోనైనట్టు, కాబట్టి డి-శ్రేణి. శశిరేఖ పూతకు ఒక ప్రత్యేక పేరా కేటాయించారు. 'సదరు నికెల్ పూత లోహము యొక్క సహజ వికాసమును అడుగడుగునా అడ్డుకొనుచున్నట్లు ప్రయోగముల ద్వారా నిర్ధారణ అయినది.'

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. శశిరేఖ దాన్ని చదివి తల పట్టుకుంది.

తరవాత సంస్థ రూపం మారిపోయింది. బీరువాల రంగు గీకించారు. కిటికీ ఊచలకు పొద్దున్నా సాయంత్రం ఉప్పునీళ్లు చల్లడానికి మనుషుల్ని పెట్టారు. అటెండర్లు తులసికోటకు పోసినంత భక్తిగా బల్లల ఇనుప కాళ్లకు చెంబులతో సముద్రపు నీళ్లు పోసేవారు. ఏ విభాగం ఫ్యాన్లు ఎక్కువ వికసించాయో చూసి నెలనెలా జ్ఞాపిక ఇచ్చేవారు. లెక్కల విభాగానికి వరసగా జ్ఞాపికలు వచ్చాయి. ఒకనాడు వాళ్ల ఫ్యాన్ వికసించి వికసించి సూపరింటెండెంటుగారి బల్ల మీద పడింది. ఆయన ఆ సమయానికి టీకి వెళ్లాడు కాబట్టి దాన్ని శుభసూచకంగా తీసుకున్నారు.

ప్రధాన గేటు కూడా అలాగే ఒక మధ్యాహ్నం కూలిపోయింది. గూర్ఖా భయపడి పారిపోబోయాడు. పాపినాయుడు ముక్కలన్నీ ఏరించి, పొడి కూడా ఊడ్పించి, కాటా వేయించాడు. నిలబడి ఉన్నప్పటి తూకం కంటే కూలిన తూకం ఎక్కువ వచ్చింది. గూర్ఖాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. అతను ఆనాటి నుంచి గేటు కుప్ప పక్కనే కుర్చీ వేసుకుని, దానికి ఎవరూ తగలకుండా కాపలా కాస్తున్నాడు. మనుషులు ఎటునుంచైనా లోపలికి వచ్చిపోతున్నారు.

ఆ ఊపులోనే వార్షికోత్సవ సభ జరిగింది. ప్రభంజనరావుగారు మైకు పట్టుకుని, "యంత్రాలు కావు, భవనాలు కావు, సిబ్బందే ఈ సంస్థకు అసలైన ఆస్తి," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పాపినాయుడు కొట్టలేదు. ఆయన ఆలోచనలో పడ్డాడు. మర్నాడు స్టోర్స్ గుమ్మం ముందు బస్తాలు తూచే పెద్ద కాటా వెలిసింది. సంస్థ పనిమీద బయటికి వెళ్లే ప్రతి ఉద్యోగి దానిమీద నిలబడి వెళ్లాలి, తిరిగొచ్చాక మళ్లీ నిలబడాలి. సంచాలకులు ఆ ఏర్పాటును చూసి, "క్రమశిక్షణ అంటే ఇదీ," అని మెచ్చుకుని సంతకం చేశారు. దాంతో క్యాంటీన్‌కు మహర్దశ పట్టింది. శనివారం ఉపవాసాలు ఆగిపోయాయి. టూరు నుంచి వచ్చేవాళ్లు గుమ్మం అవతలే నిలబడి చెంబెడు నీళ్లు తాగి లోపలికొచ్చేవారు.

ఇక వేట నిషేధం ముగిసే రోజు దగ్గరపడింది. పాపినాయుడు తొడుగుల ఫైలు తీసుకుని శశిరేఖ దగ్గరికి వచ్చాడు. బోట్లకు బిగించడానికి ఏ-శ్రేణి తొడుగులు, అంటే పూత లేని తుప్పు తొడుగులు, ఎంపికయ్యాయి. పరీక్షాధికారిగా ఆవిడ సంతకం కావాలి.

అదే సమయానికి దానయ్య కూడా గుమ్మంలో ఉన్నాడు. బల్ల మీది ఎర్రటి తొడుగును చేత్తో తీసి చూశాడు. బొటనవేలితో గీకితే పొర ఊడి వచ్చింది. శశిరేఖ వంక ఒకసారి చూశాడు. ఆ చూపుకు ఆవిడకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కలం పక్కన పడేసి నేరుగా సంచాలకుల గదికి నడిచింది.

"నేను సంతకం పెట్టను సర్. ఆ తొడుగు వేసుకుని వెళితే సముద్రం మధ్యలో బోటు ఆగిపోతుంది. మనుషులు పోతారు."

"బోటు ఆగిపోవుట మత్స్యశాఖ పరిధిలోని అంశం. మన పరిధి తూకం."

"మన పరిధిలో సముద్రం లేదా సర్? కిటికీలోంచి కనిపిస్తూనే ఉందిగా!"

ప్రభంజనరావుగారికి కోపం రాలేదు. ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. అది మరీ ప్రమాదం. "సరే. బహిరంగ సముద్ర ప్రయోగం జరుపుదాం. ఏ-శ్రేణి తొడుగుతో దానయ్య బోటు నడుస్తుంది. అందులో నేనే స్వయంగా ప్రయాణిస్తాను, విలేకరులు ఒడ్డున ఉంటారు. మీ డి-శ్రేణి తొడుగుతో ఇంకో బోటు వెనకాల రావాలి. మీరు అందులో ఎక్కండి. మీది ఆగిపోతే కట్టి లాక్కురావడానికి ఒక మోకు కూడా తీసుకోండి. మోకు సంస్థ సరఫరా చేస్తుంది. తూచి ఇస్తారు."

"అలాగే సర్," అంది శశిరేఖ. ఇంత తొందరగా ఒప్పుకున్నందుకు ఆయన కొంచెం నిరుత్సాహపడ్డారు.

ప్రయోగం రోజున ఏ-శ్రేణి తొడుగు దాని స్థానంలో పట్టలేదు. వికసించింది కదా. మెకానిక్ ఆకురాయి తీయబోతే పాపినాయుడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. రాకడానికి వీల్లేదు, తూకం తగ్గుతుంది. చివరికి సుత్తి పెట్టి కొట్టి కొట్టి దిగ్గొట్టారు. రెండో బోటు దానయ్య తమ్ముడు గురువులుది. దాని తొడుగు మెత్తగా జారి కూర్చుంది. పాపినాయుడు రేవులోకి కాటా తెప్పించి అందరినీ తూచాడు. మొదట సంచాలకులను, తరవాత శశిరేఖను, ఆఖరున మోకును. పూలదండలు తీసేశాకే తూచాలని ప్రభంజనరావుగారు పట్టుబట్టారు. నిబంధనల విషయంలో ఆయన తనకంటూ మినహాయింపు కోరుకునే మనిషి కాదు.

బోట్లు రెండూ కదిలాయి. రాతిగట్టు దాటేదాకా ప్రభంజనరావుగారు ముందు నిలబడి ఒడ్డుకేసి చెయ్యి ఊపుతూనే ఉన్నారు. గట్టు దాటి కెరటాల్లో పడ్డాక అడుగు నుంచి పంది అరిచినట్టు ఒక చప్పుడు వచ్చింది. దానయ్య చెవి ఒగ్గి విన్నాడు. చప్పుడు పెరిగింది, కాలిన వాసన వచ్చింది, ఇంజను ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

"బాబూ, బిగిసిపోనాదండి," అన్నాడు దానయ్య.

గురువులు బోటు టకటకమంటూ పక్కకు వచ్చి ఆగింది. శశిరేఖ లేచి నిలబడి మోకు చేతిలోకి తీసుకుంది. "సర్, కట్టమంటారా?"

ప్రభంజనరావుగారు నడ్డి నిటారు చేశారు. "డి-శ్రేణి వస్తువు ఏ-శ్రేణి వస్తువును లాగుట సంస్థ ప్రతిష్ఠకు భంగకరం. ఇది తాత్కాలిక విరామం. వేచి చూద్దాం."

సరే, వేచి చూశారు. నడిచే బోటు కంటే ఆగిన బోటు ఎక్కువ ఊగుతుందని ప్రభంజనరావుగారికి అప్పటిదాకా తెలియదు. ఒక కెరటం ఎత్తుతుంది, ఒక కెరటం దించుతుంది, మూడోది పక్కకు దొర్లిస్తుంది. ఆయన ముఖం మొదట తెల్లబడింది, తరవాత పచ్చబడింది. పొద్దున ప్రారంభోత్సవంలో తిన్న పెసరట్టు ముందుగా వెళ్లిపోయింది. దాని వెనక ఉప్మా వెళ్లింది. ఆ తరవాత వెళ్లడానికి ఏమీ మిగలకపోయినా ఆయన అంచు పట్టుకుని వంగే ఉన్నారు.

"సర్, కట్టమంటారా?" అని శశిరేఖ మళ్లీ అడిగింది.

ఆయన వంగినవారు వంగినట్టే చెయ్యి అడ్డంగా ఊపారు.

ఇవతలి బోటులో గురువులు స్టవ్ వెలిగించాడు. మధ్యాహ్నం దాటింది మరి. చింతపండు పులుసులో వంజరం ముక్కలు కుతకుత ఉడికాయి. "తినమ్మా, ఆ బాబుగారు ఒప్పుకున్నప్పటి మాట," అని కంచంలో వేడన్నం పెట్టి పులుసు పోశాడు. శశిరేఖకు అవతలి బోటు వైపు చూసినప్పుడల్లా జాలి వేసింది. జాలి వేసినా ఆకలి ఆగలేదు. కిందటేడు దానయ్య ఇలాగే, ఇంతకంటే ఎక్కువగా, నీళ్లు కూడా లేకుండా ఊగాడన్నది గుర్తొచ్చింది. మారు వడ్డించమంది.

పులుసు వాసన గాలికి అవతలి బోటు మీదికి వెళ్లింది. దాంతో ప్రభంజనరావుగారి పట్టుదల పూర్తిగా కరిగిపోయింది. "కట్టండి," అన్నారు నీరసంగా. "కానీ దీన్ని లాగుట అని నమోదు చేయరాదు. సమన్వయం అని రాయండి."

డి-శ్రేణి తొడుగు ఏ-శ్రేణి తొడుగును సమన్వయం చేసుకుంటూ రేవుకు చేర్చింది. నీళ్లలో మోకు బిగుసుకున్నప్పుడల్లా శశిరేఖ కాలి కింద ఇరుసు తిరిగే చప్పుడును చెవులప్పగించి విన్నది. ఒక్క గీరు కూడా లేదు. ఒక్కసారిగా ఏడుపు వచ్చినంత పనైంది.

రేవులో విలేకరులు వెళ్లిపోయారు. పాపినాయుడు మాత్రం కాటా పక్కనే, ఎండలో, వెళ్లినప్పుడు ఎక్కడ నిలబడ్డాడో అక్కడే నిలబడి ఉన్నాడు. ఇద్దరు పట్టుకుని దింపిన ప్రభంజనరావుగారిని వినయంగా కాటా మీదికి ఎక్కించాడు. ముల్లు చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"సర్, తమరు తగ్గారండి."

ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు.

"మరి మిగతాది ఏదండి?"

"పోయింది."

"ఎవరు పోగొట్టారండి?"

"నేనేనయ్యా!"

పాపినాయుడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒప్పుకుంటున్నారా సర్?"

అప్పుడు ప్రభంజనరావుగారికి సంస్థకు వచ్చాక మొదటిసారి సభాభాష తప్పిపోయింది. "ఒరే నాయనా! పొద్దున్నుంచీ ఆ కెరటాల్లో పడి పేగులు తోడేసుకున్నానురా! పరీక్షకెళ్లినవాడు తగ్గకుండా ఎలా వస్తాడురా? తగ్గకపోతే అది పరీక్షెలా అవుతుంది? ఎంత తగ్గినా ప్రాణంతో తిరిగొచ్చాడా లేదా, అది కదా చూడాల్సింది!"

శశిరేఖ తన సంచీలోంచి తెల్లకాగితం, కలం తీసింది.

"సర్, ఆ ముక్క రాసి సంతకం పెడతారా? మీ మీద సంజాయిషీ రాకుండా ఉంటుంది."

ఆయన కాటా మీద కూర్చునే రాశారు. పరీక్ష నిమిత్తం వెళ్లిన ఆస్తికి పరీక్షలో కలిగిన తగ్గుదల తగ్గుదలగా పరిగణింపబడదు. ప్రయోగం పూర్తి చేసుకుని తిరిగి వచ్చినదే ఏ-శ్రేణి. మధ్యలో ఆగినది డి-శ్రేణి. కింద సంతకం, ముద్ర. పాపినాయుడు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, రాసి ఉంది కాబట్టి నమ్మాడు. ఆ మూడు వాక్యాలతో సంచాలకులూ గట్టెక్కారు, నికెల్ పూతా గట్టెక్కింది.

దానయ్య మెట్ల మీద కూర్చుని తలగుడ్డతో ముఖం తుడుచుకుంటున్నాడు. "అయితే అమ్మా, తొడుగులెప్పుడిస్తారు?"

"రేపు పొద్దున రండి దానయ్యగారూ. ముద్రతో సహా ఇస్తాను."

"అల్లుణ్ణి కూడా తీసుకొస్తాను. కళ్లతో సూస్తే గానీ బోటెక్కడు ఆడు."

శశిరేఖ నవ్వి, జీపు వైపు రెండడుగులు వేసింది.

"మేడమ్, మేడమ్! తమరి తూకం అవలేదండి," అంటూ పాపినాయుడు వెంటబడ్డాడు. రెండు కంచాల అన్నం, వంజరం పులుసు కడుపులో ఉన్న మనిషి కాటా ఎక్కి నిలబడింది. పాపినాయుడు ముల్లు చూశాడు. ముఖం విచ్చుకుంది. రెండు చేతులూ జోడించాడు.

"ఇన్నాళ్లకండి మేడమ్, తమరి సొంత తూకంలో ఓ మిగులు చూశాను."